తలుపు చప్పుడు

ఇంటర్వెల్ బెల్లు మోగి రెండు నిమిషాలైంది. సమోసా కట్టిన పేపరు ముక్క ఇంకా మీ గుప్పిట్లోనే నలుగుతోంది. 2022 జూన్ 5, ఆదివారం, కరీంనగర్‌లో సెకండ్ షో. రోహిణి ఎండకు కాగిన గోడలు ఇంకా చల్లారలేదు. చొక్కా వీపుకు అతుక్కుంటోంది.

మీ ఎడమ పక్క పెద్దమ్మ. చెన్నూరు దగ్గర, గోదావరి ఒడ్డున ఆమె ఊరు. నెల కింద కంటి పొర తీశారు. మళ్లీ చూపించుకోవడానికి వచ్చింది. డాక్టరు సరేనన్నాక కొత్త కన్నుతో చూస్తున్న మొదటి సినిమా ఇదే. కుడి పక్క మామ, ఆమె తమ్ముడు. పదిహేడేళ్లు ఫౌజులో చేసి వచ్చినవాడు. వెనక వరసలో నలుగురు డిగ్రీ పోరగాళ్లు. ఇంటర్వెల్ దాకా ఈలలు ఆపలేదు.

లైట్లు ఆరిపోతాయి.

ఇప్పుడు ఈలలు లేవు.

తెర మీద తాజ్ హోటల్ తగలబడుతోంది. ‘మేజర్’ విడుదలై ఇది మూడో రోజు. శశికిరణ్ తిక్క తీసిన సినిమా. మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్‌గా అడివి శేష్. ఆ మేజర్ ఇంటికి తిరిగి రాడని హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. 2008 ముంబై దాడుల్లో, నవంబర్ 28న చనిపోయాడు. టికెట్ కొనేటప్పుడే ఆ సంగతి తెలుసు. అయినా మీ వేళ్లు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాయి. ఈసారి ఏమన్నా వేరేగా జరుగుతుందేమోనని లోపల ఎక్కడో చిన్న ఆశ. అంత పిచ్చి ఆశ సినిమా హాల్లోనే కలుగుతుంది.

హోటల్లో ప్రమోద చిక్కుకుపోయింది. శోభిత ధూళిపాళ వేసిన పాత్ర. ఆమెను అంటిపెట్టుకుని ఒక చిన్న పాప. కారిడార్లో పొగ. ఎక్కడో బూట్ల చప్పుడు.

ఇక మీరు కరీంనగర్‌లో లేరు. ప్రమోద ఉన్న చోటు కూడా కాదు. ఆ హోటల్లో కెమెరా వెళ్లని గదులు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒక గదిలోకి మీ మనసు వెళ్లిపోయింది.

లైట్లు తీసేశారు. బాత్రూంలో తువ్వాలు తడిపి తలుపు కింది సందులో కుక్కారు. అయినా పొగ వస్తోంది. గొంతు గరగరలాడుతోంది. దగ్గకూడదు. దిండు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతారు. ఫోన్ వెలుగుతుంది. ఇంటి నుంచి. ఎత్తితే మాట్లాడాలి. ఎత్తకపోతే అక్కడ వాళ్ల ప్రాణం పోతుంది. ఫోన్ బోర్లా పెడతారు.

టీవీ పెట్టి చూద్దామా? శబ్దం లేకుండా పెడతారు. ప్రతి చానెల్లోనూ మీరున్న హోటలే. ఏ అంతస్తులో మంట ఉంది, ఎక్కడ జనం దాక్కున్నారు, బలగాలు ఎటు నుంచి వస్తున్నాయి, అన్నీ చెబుతున్నారు. మీకు ధైర్యం వస్తుంది. ఆ వెంటనే ఒళ్లు చల్లబడుతుంది. మీరు చూస్తున్నదే వాళ్లూ చూస్తుంటే?

చూస్తున్నారు. పాకిస్తాన్‌లో కూర్చున్న వాళ్లు ఆ టీవీ ప్రసారాలు చూస్తూనే లోపలున్న తుపాకుల వాళ్లకు ఫోన్లో దారి చెప్పారు. ఆ దాడిలో ప్రాణాలతో పట్టుబడ్డ కసబ్ ఉరిశిక్షను 2012లో ఖాయం చేసిన తీర్పులో సుప్రీంకోర్టు టీవీ చానెళ్లను గట్టిగా తప్పుపట్టింది. ఉగ్రవాదుల మీద ఆపరేషన్ నడుస్తుండగా దాన్ని లైవ్‌లో చూపించకూడదని 2015లో నిబంధన వచ్చింది. ఆ రాత్రి మాత్రం అలాంటి అడ్డేదీ లేదు. ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్న కోట్ల మందిలో మీరూ ఒకరు. కరీంనగర్‌లోనో, మంచిర్యాలలోనో, ఆదిలాబాద్‌లోనో, అన్నం పళ్లెం ఒళ్లో పెట్టుకుని కళ్లార్పకుండా చూశారు. ఆ చూపు ఎవరికి పనికొచ్చిందో ఇప్పుడు ఈ చీకట్లో తలుచుకుంటే కడుపులో దేవినట్టు ఉంటుంది.

టక్. టక్.

తలుపు కొడుతున్నారు.

“ఎవరు?” అని అడగాలి. అడిగితే లోపల మనిషి ఉన్నట్టు తెలిసిపోతుంది.

టక్. టక్. టక్.

“కమాండోలం. తలుపు తీయండి.”

నిజమేనా? ఆ మాట ఎవరైనా అనొచ్చు. అవతల ఉన్నవాడి చేతిలోనూ తుపాకీ ఉంది. ఇవతలికి కనిపించేది తలుపు చెక్క ఒక్కటే. తీస్తే ప్రాణం దక్కొచ్చు. తీస్తే పోవచ్చు. తీయకపోతే పొగ ఉండనే ఉంది.

మీ చెయ్యి గడియ మీద ఉంది.

“తియ్యకు బిడ్డా,” అంటుంది పెద్దమ్మ. తెరతోనే అంటోంది. కొంగు నోట్లో కుక్కుకుని, కొత్త కన్ను ఆర్పకుండా.

“తియ్యాలె అక్కా. తియ్యకుంటే మావోళ్లు పగలగొట్టాలె,” అంటాడు మామ, గొంతు తగ్గించి.

అదీ జరిగింది. సందీప్ జట్టు మెట్ల మీదుగా అంతస్తు అంతస్తూ వెతుకుతూ వెళ్లింది. లోపలి నుంచి గడియ పెట్టి ఉన్న ఒక గది తలుపును పగలగొట్టాల్సి వచ్చింది. తలుపు ఊడగానే అవతలి నుంచి తూటాలు. ఒక సహచరుడు పడిపోయాడు. సందీప్ అతన్ని కిందికి పంపించాడు. ఎవరూ పైకి రావద్దన్నాడు. తను మాత్రం పైకే వెళ్లాడు.

తెర మీద ఇప్పుడు అదే నడుస్తోంది.

మెట్లు. పొగ. అతనొక్కడే.

వెనక పోరగాళ్లలో ఒకడు “అన్నా, వద్దన్నా” అంటాడు. ఎవరూ నవ్వరు.

తూటా.

ఇంకోటి.

మామ తల దించుకున్నాడు. పదిహేడేళ్లు తుపాకీ పట్టినవాడు ఆ ఒక్క నిమిషం తెర వైపు చూడలేదు.

ఆ తర్వాత తల్లిగా రేవతి, తండ్రిగా ప్రకాశ్ రాజ్. కొడుకు పోయిన సంగతి ఇంటికి చేరుతుంది. రేవతి ఏడుపు మొదలవగానే హాల్లో ముక్కులు ఎగబీల్చే చప్పుడు ముందు వరస నుంచి వెనక్కి అలలాగా వస్తుంది. మీరు పక్కకు చూడరు. పక్కవాళ్లూ మీ వైపు చూడరు. అది ఒకరికొకరు ఇచ్చుకునే మర్యాద.

బయటికి వస్తే అర్ధరాత్రి దాటింది. గీతా భవన్ చౌరస్తా వైపు నడుస్తుంటే ఒక టీ బండి ఇంకా వెలుగుతోంది. సినిమా చూసిన వాళ్లే పదిమంది అక్కడ చేరారు. గాజు గ్లాసు వేడి వేళ్లకు తగిలాక గానీ మీకు మాట రాదు. మిగతావాళ్లు అప్పటికే తీర్పులు చెప్పేస్తున్నారు.

“సెకండాఫ్ మస్తుంది. ఫస్టాఫ్‌ల ఆ లవ్ స్టోరీ సగం కోసేస్తే సరిపోవు,” అంటాడు డిగ్రీ పోరడు.

“అది లేకుంటే ఆమె ఏం పోగొట్టుకున్నదో నీకెట్ల తెలుస్తది?” స్కూటీ మీద కూర్చున్న అమ్మాయి ఊరుకోలేదు. “ఆయన ఇంటికి ఎన్నిసార్లు రాలేదో చూసినవు కాబట్టే ఆఖరికి ఏడ్చినవు.”

పోరడు టీ గ్లాసులోకి చూస్తాడు. నిజంగానే ఏడ్చాడు మరి.

ఇంకొకతను ‘కంచె’ గుర్తు చేస్తాడు. 2015లో క్రిష్ తీసిన యుద్ధం సినిమా. అందులోనూ మన సైనికులు పరాయి దేశంలో, శత్రువుల నడుమ చిక్కిన వాళ్లను కాపాడతారు. అదే గొప్పదని అతని వాదన. అది కథ, ఇది జరిగింది, రెంటికీ పోలికేందని ఇంకొకరు. నా మటుకు నాకు ఆ రెండోవారి మాటే సరైందనిపిస్తుంది. జరిగిన దాన్ని తీసేవాడికి ముగింపు మార్చే వీలు లేదు. ముగింపు తెలిసిన జనాన్ని రెండున్నర గంటలు కుర్చీలో కూర్చోబెట్టాలి. ఈ సినిమా కూర్చోబెట్టింది.

“కమాండోలు అంత లేటెందుకు వచ్చిన్రు మామా?” మీరు అడుగుతారు.

మామ టీ ఊదుకుంటాడు. “వాళ్లుండేది హర్యానాల, మానేసర్ల. అంతమందిని మోసే విమానం ఢిల్లీల లేదు. చండీగఢ్ నుంచి తెప్పియ్యాలె. ఎక్కాలె, దిగాలె, బస్సుల హోటల్ దాకా పోవాలె. రాత్రి తొమ్మిదిన్నరకు కాల్పులు మొదలైతే, వీళ్లు చేరేసరికి తెల్లారింది.” ఆ తర్వాతే, 2009లో, ముంబై, చెన్నై, కోల్‌కతాలతో పాటు మన హైదరాబాద్‌లోనూ ఈ కమాండోల దళానికి, అంటే ఎన్‌ఎస్‌జీకి, కేంద్రం పెట్టారు. “అప్పటిదాకా లోపలున్నోళ్లను ఎవరు కాపాడిన్రు మరి? అన్నం వడ్డించేటోళ్లు, వంటోళ్లు. ఆ హోటల్ల పనిచేసేటోళ్లు. వాళ్ల మీద ఇంకో సినిమా తియ్యాలె.”

సినిమాలో తప్పులేమైనా కనిపించాయా అని పోరడు అడుగుతాడు. ఫౌజు మనిషి దొరికాడు కదా.

“ఒక్కడే పోవుడు మా పద్ధతి కాదు. ఎప్పుడైనా జోడీగనే పోతం. కానీ ఆయన జోడీ కింద పడిపోయిండు. ఏం జేస్తడు?” మామ గ్లాసు కింద పెడతాడు. “పద్నాలుగు మందిని బయటికి తెచ్చిండు. అశోక చక్ర ఊకెనే ఇయ్యలే.”

అందరూ చెప్పడం అయిపోయింది. పెద్దమ్మ ఒక్క మాటా అనలేదు. మీరు ఆమె వైపు తిరుగుతారు. ఎట్లుంది సినిమా?

“మంచిగున్నది,” అంటుంది. కాసేపు ఆగుతుంది. “కొట్టేటోళ్లను చూపిచ్చిన్రు. తీసేటోళ్లను ఇంకింత చూపియ్యాలె. తలుపు తీసుడు గూడ అల్కగ కాదు బిడ్డా.”

ఆ రాత్రి విన్న అభిప్రాయాల్లో మీ వెంట ఇంటికొచ్చింది అదొక్కటే.

జులై 13. వాన నాలుగో రోజో ఐదో రోజో, లెక్క తప్పింది. మీరు పెద్దమ్మ ఊళ్లో ఉన్నారు. దింపి వెళ్దామని వచ్చి రోడ్డు మునిగిపోవడంతో ఆగిపోయారు. పెంకుటింటి చూరు నుంచి నీళ్లు తాళ్లలా వేలాడుతున్నాయి. ఫోన్లో కడెం ప్రాజెక్టు వార్తలు. దానికున్న పద్దెనిమిది గేట్లలో ఒకటి లేవడం లేదట. కిందికి వదలగలిగేది మూడు లక్షల క్యూసెక్కులైతే, పైనుంచి ఐదు లక్షలు దాటి వస్తోందట. కట్ట మీది నుంచి నీళ్లు పొర్లుతున్న వీడియో అందరి ఫోన్లలోనూ తిరుగుతోంది. కడెం వాగు గోదావరిలోనే కలుస్తుంది. ఆ నీళ్లు ఎల్లంపల్లి దాటి మీవైపే రావాలి. కింద కాళేశ్వరం దగ్గర ప్రాణహిత పోటెత్తి గోదావరిని ముందుకు కదలనివ్వడం లేదు. పైనుంచి తోపు, కిందినుంచి అడ్డు. మధ్యలో మీరున్న ఊరు.

రాత్రి. కరెంటు లేదు.

టక్. టక్. టక్.

మీరు మంచం మీద లేచి కూర్చుంటారు. గుండె దడదడలాడుతోంది.

“లేవుండ్రి! ఇండ్లు ఇడ్సుండ్రి! నీళ్లొస్తున్నయ్!”

గొంతు ఎవరిదో తెలియదు. టార్చి వెలుగు తలుపు సందులోంచి నేల మీద గీతలా పడింది. ఆ గీతలో ఏదో కదులుతోంది. వంగి చూస్తారు. నీళ్లు. గడప కింది నుంచి సన్నగా, చప్పుడు చేయకుండా లోపలికి వస్తున్నాయి. గోదావరి ముందుగా ఒక వేలు లోపల పెట్టి చూసింది.

గడియ తీస్తారు. తలుపు బరువుగా ఉంది. అవతల చీలమండల దాకా నీళ్లు.

“నేను రాను,” అంటుంది పెద్దమ్మ. “ఎనబై ఆరుల గింతకన్న పెద్దగ అచ్చింది. గడప దాటలే.”

1986 ఆగస్టు వరద. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు. ఈ నీళ్లు ఇంకో మూడు రోజులకు అక్కడికి చేరి 71.3 అడుగుల దగ్గర నిలుస్తాయి. ఆమె జ్ఞాపకం తప్పేం కాదు. కానీ నీళ్లు గడప దాటాయి. మీ పాదాలకు తగులుతున్నాయి.

వాదించాలా? మోయాలా? కొట్టంలో రెండు బర్రెలు కట్టేసి ఉన్నాయి. వాటిని విప్పాలంటే ఇంటి వెనక్కి వెళ్లాలి. వెనక నేల పల్లం. మోకాళ్ల లోతా, నడుము లోతా, చీకట్లో తెలియదు. విప్పకపోతే కట్టుకొయ్య దగ్గరే మునుగుతాయి. టార్చి మనిషి ఆగడు, ఇంకా ఎన్నో తలుపులు కొట్టాలి.

ఎవరిని ముందు?

మీరు వెనక్కి వెళ్తారు. నడుము లోతు. బర్రె ముక్కుతో పొగలు కక్కుతోంది. పలుపు ముడి తడిసి బిగుసుకుపోయింది. గోళ్లతో రాదు. పళ్లతో లాగుతారు. బురద, పేడ, నార రుచి. ఊడింది. రెండోది. ఊడింది. బర్రెలు మీకంటే ముందే మెరక వైపు తిరిగాయి. వాటికి దారి చెప్పనక్కర్లేదు.

తిరిగొచ్చేసరికి పెద్దమ్మ గడపలో నిలబడి ఉంది. చంకలో మూట. ఒక చెయ్యి ముందుకు చాచింది.

“పా,” అంటుంది.

తెల్లారి. మెరక మీది బడిలో రాత్రి గడిచింది. గురువారం, జులై 14. జనమంతా ఒక్క సంగతే మాట్లాడుకుంటున్నారు. సోమన్‌పల్లిలో ఇద్దరు వరదలో చిక్కుకుని నీళ్ల ట్యాంకు ఎక్కారట. పడవ పోయే పరిస్థితి లేదట. హెలికాప్టర్ వస్తుందట.

మీరూ జనంతో పాటు నీళ్ల అంచు దాకా వెళ్తారు. ఎదురుగా పొలం లేదు, బాట లేదు. ఎర్రటి నీళ్లు, అందులో చెట్ల తలలు. దూరంగా ట్యాంకు, దాని మీద అగ్గిపుల్లల్లా ఇద్దరు. వాళ్లు చెయ్యి ఊపుతున్నారో, చలికి వణుకుతున్నారో ఇక్కడి నుంచి తెలియదు.

ముందు శబ్దం వస్తుంది. తర్వాత మబ్బుల కింది నుంచి హెలికాప్టర్.

మీ చుట్టూ వంద ఫోన్లు పైకి లేస్తాయి. మీ చెయ్యీ జేబులోకి వెళ్తుంది. వెళ్లి, అక్కడే ఆగుతుంది. మీ వెనక బండ్లు అడ్డదిడ్డంగా ఆపి ఉన్నాయి. పోలీసాయన దారి ఇమ్మని గొంతు చించుకుంటున్నాడు. అందరూ తెర ముందున్నట్టే నిలబడ్డారు. మీరు ఫోన్ తీయరు. వెనక్కి వెళ్లి ఒక బండిని స్టాండు దింపి పక్కకు తోస్తారు. ఇంకోటి. ఇంకోటి. ఆ పూట మీరు చేయగలిగింది అంతే.

మధ్యలో తలెత్తి చూస్తారు.

ఒక్క క్షణం ఆ ట్యాంకు మీద మీరు. రాత్రంతా నానిన బట్టలు. కాళ్ల కింద సిమెంటు కూడా వణుకుతున్నట్టుంది. నెత్తి మీద రెక్కలు. గాలికి నిలబడలేరు. కూర్చుంటారు. నీళ్లు తుంపరలై మొహాన కొడుతున్నాయి. పిలిచినా వినపడదు. పై నుంచి తాడు దిగుతోంది.

ఊగుతోంది.

దగ్గరికొచ్చింది.

దాన్ని అందుకోవాలంటే పట్టుకున్న కడ్డీని వదలాలి. ప్రాణాన్ని ఇంతసేపూ నిలబెట్టింది ఆ కడ్డీయే. వేళ్లు దానికి అలవాటు పడిపోయాయి. కింద గోదావరి. పైన ముఖం కూడా సరిగా కనపడని మనిషి.

వదలాలి.

వదిలారు. ఇద్దరినీ ఒకరి తర్వాత ఒకరిని పైకి లాగారు. వాయుసేన హెలికాప్టర్ వాళ్లను తీసుకుని తిరిగింది. గట్టు మీద జనం చప్పట్లు కొట్టారు. సినిమా హాల్లో వేసినట్టే ఈలలు వేశారు. మీ ముక్కుల్లో మాత్రం ఇంకా బురద వాసనే.

ఆ రాత్రి బడి గదిలో నలభై మంది. నేల మీద పరదాలు, చెద్దర్లు. మూలన ముగ్గురు పోరగాళ్లు ఒక ఫోన్ చుట్టూ మూగారు. పదకొండు శాతం చార్జింగ్ ఉంది. ‘మేజర్’ ఈ నెల మూడో తేదీనే నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. ముందే దింపి పెట్టుకున్నట్టున్నారు. అరచేతి అంత తాజ్ హోటల్ తగలబడుతోంది. చిన్న స్పీకర్లోంచి కారిడార్లో బూట్ల చప్పుడు.

“ఎవ్వరు సూస్తలేరు, అది బంద్ చెయ్యరాదు,” అంటుంది ఒకావిడ.

“ఉండనీ. మెల్లగ పెట్టుకోండ్రి,” అంటుంది పెద్దమ్మ.

టక్. టక్.

ఫోన్లోంచి కాదు.

గది అంతా ఊపిరి బిగబడుతుంది. పడుకున్నవాళ్లు లేచి కూర్చుంటారు. ఒక పసివాడు ఏడుపు మొదలుపెడతాడు. మళ్లీ నీళ్లా? ఇక్కడికీ వచ్చాయా? అందరి కళ్లూ గడప కింది సందు మీదే. అక్కడ తడి ఉందో లేదో చీకట్లో తెలియదు.

టక్. టక్. టక్.

మీరు లేవబోతారు. అప్పటికే పెద్దమ్మ లేచింది. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, పడుకున్న వాళ్ల కాళ్లు తొక్కకుండా, గోడను తడుముకుంటూ వెళ్లింది. గడియ తుప్పు పట్టింది. రెండు చేతులతో లాగింది.

బయట వానలో ఇద్దరు పిల్లలు. నెత్తిన గోనె సంచి కప్పుకుని, చేతుల్లో పులిహోర పొట్లాల బుట్ట.

“ఎంతమందున్నరు అవ్వా?”

“నలభై,” అంటుంది పెద్దమ్మ. “ముందు మీరు లోపలికి రాండ్రి.”